ఆటోమేటిక్ కారులో గేరు పడనపుడు



క్లచ్చి తొక్కనక్కరలేదు, గేరు మార్చనక్కరలేదు. ఒక పెడలు తొక్కిన పోవును, మరియొకటి తొక్కిన ఆగును. ఆటోమేటిక్ కారును గూర్చి మనవారు చెప్పుకొను మాట యిది. మాట నిజమే. కాని అట్టి కారు పదునైదు, ఇరువది యేండ్లు తిరిగిన పిమ్మట ఒకనాడు మొరాయించి, లివరు ఎక్కడ పెట్టినను కదలకున్నచో, చేతిగేరుకు అలవాటుపడిన మనకు కాలుచేయి ఆడదు. చేతిగేరు కారులో తప్పు వచ్చినచో గేరు కఱకఱలాడి తన రోగమును తానే చెప్పును. ఆటోమేటిక్ నోరులేని పశువువంటిది. దాని బాధను మనమే కనిపెట్టవలెను. ఆ కనిపెట్టు మార్గమును, సామాన్య గృహస్థునకు సాధ్యమైనంత వరకు, నేడు మనవి చేయదలచితిమి.

కారంపూడివంటి ఊరిలో ఈ ప్రసంగముతో పని యేమని కొందరు అడుగవచ్చును. పని కలదు. నగరములలో పది పండ్రెండేండ్లు వాడిన ఆటోమేటిక్ కారు చవుకగా దొరకినపుడు, మోకాళ్ళ నొప్పులు గలవారును, ఎడమకాలికి బలము చాలనివారును దానినే కోరి కొనుట సహజము. మన పల్నాటి ఊళ్ళలో ట్రాక్టరు గేరుపెట్టెను విప్పి బిగింపగల చేయితిరిగిన మెకానికులున్నారు. లారీ గేరుపెట్టెయు వారికి కొత్త కాదు. ఆటోమేటిక్ గేరుపెట్టె మాత్రము వారి చేతికి అరుదుగా వచ్చును. తెలియని పెట్టెను తెరచుట మొదలిడినచో ఖర్చు ఎక్కడ ఆగునో చెప్పజాలము. పాత కారు విషయమున అది కారు వెలనే మించిపోవచ్చును. తీరా చూచినచో తప్పు ఒక చిన్న ఫ్యూజులోనో, అరిగిన ప్లాస్టిక్ బుష్‌లోనో ఉన్నదని తేలుట కలదు.

ఇంకొక మాట ముందే చెప్పవలెను. రాత్రివేళ ఇంటిలో ఒకరికి గుండెనొప్పి వచ్చి, నరసరావుపేటకో గుంటూరుకో బయలుదేరవలసిన సమయమున కారు కదలకున్నచో, ఆ కారుతో పెనుగులాడుచు కూర్చుండరాదు. 108కి ఫోను చేయుట మొదటి పని. కారు సంగతి తెల్లవారిన పిమ్మట చూచుకొనవచ్చును.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. గేరు పడనంత మాత్రమున గేరుపెట్టె చెడినదని తలపరాదు. పరీక్షకు ఒక వరుస కలదు. మొదట ఆయిలు, రెండవది కేబులు, మూడవది కరెంటు, చిట్టచివర మాత్రమే పెట్టె లోపలి చక్రములు. ఈ వరుసను గుర్తుంచుకొనినవారికి డబ్బు మిగులును, కారును మిగులును.

వరుస యిట్లే యేల ఉండవలెనో తెలియుటకు ఈ యంత్రము పనిచేయు తీరును కొంచెము చూతము. రెండు టేబులు ఫ్యానులను ఎదురెదురుగా నిలిపి ఒకదానికి కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవ ఫ్యాను కూడ తిరుగును. ఆటోమేటిక్ కారులో ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ ఇట్టి రెండు రెక్కల చక్రములు ఒక మూసిన డొల్లలో ఉండును. గాలికి బదులు ఆయిలు ఒకదానినుండి రెండవదానిపైకి విసరబడుచుండును. వాని నడుమ మూడవ చక్రమొకటి ఆయిలు దారిని మరల్చి, బయలుదేరునపుడు బలమును హెచ్చించును. దీనికి టార్క్ కన్వర్టరు అని పేరు. జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫాటింగర్ 1905లో ఓడల ఇంజనుల కొరకు దీనికి పేటెంటు పొందెను. క్లచ్చి పెడలు లేకున్నను కారు గేరులో నిలువగలుగుటకు కారణమిదియే.

దాని వెనుక గ్రహచక్రముల అమరిక యుండును. నడుమ సూర్యచక్రము, దాని చుట్టు గ్రహచక్రములు, వాని వెలుపల లోపలివైపు పళ్ళుగల వలయము. ఈ మూటిలో ఒకదానిని పట్టి ఆపి, మరియొకదానిని త్రిప్పినచో, మిగిలినదాని నుండి ఒక వేగము వెలువడును. ఆపినదానిని మార్చినచో వేగమును మారును. వెనుకకు త్రిప్పుటయు సాధ్యమగును. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారులోనే ఈ గ్రహచక్రములున్నవి. కాని వానిని కాలితో పెడలు నొక్కి పట్టవలసి యుండెను. ఆ పట్టును తనంతట తానే పట్టునట్లు చేసినది జనరల్ మోటార్సు వారి హైడ్రామాటిక్. అది 1939లో వెలువడి, 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైలు కార్లలో వచ్చినది. మన దేశమున చిన్న కార్లయిన జెన్, శాంత్రో మొదలగువానిలో సైతము ఆటోమేటిక్ గేరు గలవి కొన్ని తయారైనవి.

చక్రములను పట్టి ఆపునవి లోపలి క్లచ్చి ప్లేట్లు, పట్టీలు. వానిని నొక్కునది ఆయిలు ఒత్తిడియే. ఇంజను తిరుగునంతసేపు ఒక పంపు ఆయిలును త్రోయుచుండును. వాల్వ్ బాడీ అను పలకలోని సన్నని కాలువలు, తలుపులు ఆ ఆయిలును ఏ క్లచ్చికి పంపవలెనో నిర్ణయించును.

పల్నాటి రైతుకు ఇది వేరుగా విప్పి చెప్పవలసిన విషయము కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు కుడికాలువను మన మెరుగుదుము. కాలువ తలలో నీటిమట్టము తగ్గినచో చివరి చేలకు నీరందదు. తూము తలుపు చక్కగనే యుండును, చేనును చక్కగనే యుండును. నీరు చాలకపోవుటయే అసలు కారణము. గేరుపెట్టెలోను అంతే. ఆయిలు మట్టము తగ్గినచో క్లచ్చి నిండుగా పట్టదు, గేరు జారును. తూమును త్రవ్వకముందు కాలువలో నీరున్నదా యని చూచుట వివేకము. అందుచేతనే ఆయిలును మొదట చూడవలెనంటిమి.

పరీక్షకు పూనుకొనకముందు మన కారు ఏ జాతిదో తెలిసికొనవలెను. ఆటోమేటిక్ అని పిలువబడునవన్నియు ఒకటి కావు. 2014లో మారుతి సెలేరియోతో మన చిన్న కార్లలోనికి వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతి నిజమునకు చేతిగేరు పెట్టెయే. మన కాలును చేతిని చేయు పనిని అందులో ఒక చిన్న యంత్రము చేయును. దానిలో మామూలు క్లచ్చి ప్లేటు కలదు, అరుగును కూడ. మరియొకటి సి.వి.టి. అందులో మెట్టు మెట్టుగా గేర్లుండవు. రెండు కప్పీల నడుమ ఒక ఉక్కు బెల్టు ఉండి, కప్పీల వెడల్పు మారిన కొలది వేగము మారును. నేడు మేము చెప్పునది ముఖ్యముగా టార్క్ కన్వర్టరు గల పాత రకమును గూర్చియే. మీ కారు ఏదో కంపెనీ యిచ్చిన పుస్తకమున ఉండును. పుస్తకము పోయినచో ఇంకొకటి సంపాదించుట మంచి పెట్టుబడి.

ఇక మొదటి పరీక్ష, ఆయిలు. కారును సమమైన నేలపై నిలుపుడు. చేతిబ్రేకు లాగుడు. చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టుడు. పల్నాడులో రాతికి కరవు లేదు. పిల్లలను దూరముగా ఉంచి, వ్రేలాడు పైటలు, కండువాలు లేకుండ చూచుకొనుడు. కారును కొంత దూరము నడిపి వేడెక్కించిన పిమ్మట, ఇంజను తిరుగుచుండగనే, బ్రేకు తొక్కి లివరును అన్ని స్థానములలోను ఒక్కొక్క క్షణము నిలిపి తిరిగి 'పి'లో పెట్టుడు. అప్పుడు డిప్‌స్టిక్కు అను కొలతబద్దను తీసి, నూగు రాలని గుడ్డతో తుడిచి, మరల దింపి తీసి చూడుడు. వేడి గుర్తులు రెంటి నడుమ ఆయిలు ఉండవలెను. కొన్ని తయారీలలో ఇంజను ఆపిన వెంటనే చూడవలెను. కొన్నింటికి కొలతబద్దయే ఉండదు, క్రిందినుండి చూడవలెను. ఇందు పుస్తకమే ప్రమాణము.

మట్టముతోపాటు రంగును వాసనను చూడుడు. ఈ ఆయిలు కొత్తగా నున్నపుడు సాధారణముగా ఎఱ్ఱగా, తేటగా నుండును. గోధుమరంగునకు తిరిగినచో ముసలిదైనదని అర్థము. నల్లబడి, మాడిన వాసన వచ్చినచో లోపలి క్లచ్చి ప్లేట్లు కాలినవని భయపడవలెను. వ్రేళ్ళ నడుమ రుద్దినపుడు లోహపు రజను తగిలినచో అదియు చెడు గుర్తే. పాలు కలిపిన గులాబి షర్బత్తువలె కనబడినచో, రేడియేటరులోని నీరు ఆయిలులో కలిసినది. అట్టి కారును ఒక్క కిలోమీటరైనను నడుపరాదు.

ఆయిలు తగ్గినదని తెలిసినచో ఏది పోయవలెను? ఇచ్చట మన ఊళ్ళలో ఒక ప్రమాదము కలదు. గేరు ఆయిలు అనగానే దుకాణమువారు తొంబది నంబరు ఆయిలు ఇత్తురు. అది ట్రాక్టరుకు, లారీకి, చేతిగేరు పెట్టెకు వాడునది. చిక్కనైన ఆ ఆయిలు ఆటోమేటిక్ పెట్టెలోని సన్నని దారులలో నడువదు. ఇంజను ఆయిలును పనికిరాదు. ఏ.టి.ఎఫ్. అని పిలువబడు పల్చని ఆయిలు వేరుగా కలదు. అందులోను రకములున్నవి, పుస్తకమున వ్రాసిన రకమునే పోయవలెను. సి.వి.టి. కారుకు దాని ఆయిలు మరల వేరు. కొద్దికొద్దిగా పోసి కొలుచుచుండవలెను. ఎక్కువైనను కీడే, తిరుగు చక్రములు ఆయిలును చిలికి నురుగు చేయును, నురుగుకు ఒత్తిడి యుండదు. ఆయిలు తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదని కూడ అర్థము. రాత్రి కారు క్రింద ఒక అట్టముక్క పరచినచో తెల్లవారునప్పటికి ఎఱ్ఱని చుక్కలు చోటు చెప్పును.

రెండవ పరీక్ష, కేబులు. మన చేతిలోని లివరునకును గేరుపెట్టెకును నడుమ ఒక తీగ యుండును. దాని చివర చిన్న ప్లాస్టిక్ బుష్ ఉండును. ఏండ్ల తరబడి ఇంజను వేడికి అది పెళుసెక్కి విరుగును. అప్పుడు లివరు 'డి' అని చూపుచుండగా పెట్టె ఇంకను 'ఎన్'లోనే ఉండవచ్చును. లివరు అలవాటుకంటె తేలికగా, వదులుగా తిరుగుచున్నచో బుష్‌ను అనుమానింపవలెను. ఇంజను 'పి'లో స్టార్టు కాక 'ఎన్'లో మాత్రమే స్టార్టగుట మరియొక గుర్తు. కేబులు కొలత తప్పినను, గేరు స్థానమును తెలుపు స్విచ్చి జరిగినను అట్లగును. బుష్ వెల స్వల్పము, మార్చుట గేరుపెట్టె విప్పకయే జరుగును.

ఈ చిన్న వస్తువు ప్రాణాపాయమును గూడ తేగలదు. లివరు 'పి'లో ఉన్నట్లు కనబడి, లోపల 'పి' పడకున్నచో, పల్లమున నిలిపిన కారు తనంతట జారిపోవును. 'పి' పడినను దానిని పట్టి యుంచునది గంట్లచక్రములో దిగు ఒక చిన్న కొక్కెమే. కావున కారు నిలిపినపుడు బ్రేకు తొక్కి పట్టి, ముందు చేతిబ్రేకు లాగి, పిమ్మట 'పి'లో పెట్టవలెను. ఈ వరుస తప్పి, వాలున కారు బరువంతయు ఆ కొక్కెముపై వ్రాలినచో, తిరిగి లివరు తీయుట కష్టమగును. అదియు గేరు చెడుట కాదు.

మూడవ పరీక్ష, కరెంటు. లివరు 'పి' నుండి కదలనే కదలదను ఫిర్యాదు తరచుగా వినబడును. చాల కార్లలో బ్రేకు తొక్కినగాని లివరు కదలకుండ ఒక తాళము అమర్చియుందురు. బ్రేకు తొక్కినట్లు ఆ తాళమునకు తెలుపునది బ్రేకు దీపముల స్విచ్చియే. కావున ఒకరిని వెనుక నిలిపి బ్రేకు తొక్కి చూడుడు. వెనుక దీపములు వెలుగకున్నచో ఫ్యూజో స్విచ్చియో పోయినదని దాదాపు తేలినట్లే. దీపములు లేని కారు రాత్రి రోడ్డుపై అపాయము. రెండు పనులు ఒక్కమారే చక్కబడును. అవసరమునకు లివరు ప్రక్కన చిన్న మూత క్రింద ఒక మీట పలు కార్లలో ఉండును. చేతిబ్రేకు లాగి, బ్రేకు తొక్కి, దానిని నొక్కినచో లివరు విడివడును.

బ్యాటరీ బలహీనమైనను, దాని కొనలకు చిలుము పట్టినను, కంప్యూటరు గల కార్లలో గేర్లు తికమకపడును. తప్పు కనిపెట్టిన కంప్యూటరు పెట్టెను కాపాడుకొనుటకై కారును ఒకే గేరులో, తరచు రెండవదానిలోనో మూడవదానిలోనో, నిలిపివేయును. కారు కుంటుచు నడచును, వేగము అందుకొనదు. ఇది రోగము కాదు. రోగము ముదురకుండుటకు కట్టిన కట్టు. వేగమును కొలుచు సెన్సరుగాని, ఆయిలు తలుపులను తెరచు సోలనాయిడుగాని, వాని తీగల అతుకుగాని కారణము కావచ్చును. కోడు చదువు పరికరము గల మెకానికు దానిని తగిలించి చూచిన పిమ్మటనే ఏ భాగమునైనను మార్చవలెను.

'ఓ.డి. ఆఫ్' అను దీపమును గూర్చి ఒక మాట. లివరుకున్న బొత్తాము పొరబాటున నొక్కబడినచో ఆ దీపము నిలుకడగా వెలుగును. అప్పుడు పై గేరు పడదు, ఇంజను రొద చేయును, పెట్రోలు ఎక్కువ త్రాగును. మరల నొక్కిన చాలును. ఆ దీపము మినుకుమినుకుమనుచున్నచో మాత్రము కంప్యూటరు ఏదో తప్పు నమోదు చేసినదని చాల తయారీలలో అర్థము.

ఇక లక్షణములను బట్టి కారణములను కూర్చి చెప్పెదము. కాగితము పెన్సిలు దగ్గర నున్నవారు వ్రాసికొనవచ్చును.

'డి'లోగాని 'ఆర్'లోగాని పెట్టిన పిమ్మట రెండు మూడు క్షణములు ఆలస్యముగా పట్టినచో, ఆయిలు తక్కువగుటయో, ఫిల్టరు మూసికొనుటయో, లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడుటయో కారణము. ఉదయము చల్లగా నున్నపుడు ఆలస్యమై, వేడెక్కిన పిమ్మట సరిపడినచో సీళ్ళను అనుమానింపవలెను.

ఇంజను రొద పెరుగుచు కారు వేగము పెరుగకున్నచో అది జారుట. ఆయిలు మట్టము సరిగానుండియు జారుచున్నచో క్లచ్చి ప్లేట్లు అరిగినవేమో యని చూపింపవలెను. జారుచున్న కారును బలవంతముగా నడుపుట, మండుచున్న ఇంటికి కిటికీలు తెరచుటవంటిది.

గేరు మారునపుడు గట్టిగా కుదుపు తగిలినచో వెంటనే పెట్టెను నిందింపరాదు. ఇంజను పునాది రబ్బర్లు చిరిగినను, నిలకడ వేగము హెచ్చుగానున్నను కుదుపు వచ్చును. స్పార్కు ప్లగ్గు సరిగా మండకున్నను గేరు తప్పినట్లే తోచును. పాత రకములలో ఆక్సిలరేటరు నుండి గేరుపెట్టెకు పోవు త్రాటిల్ కేబులు బిగువైనచో గేర్లు ఆలస్యముగా, మోటుగా పడును. వదులైనచో తొందరగా పడి జారును. దాని బిగువును సరిచూచుట నిపుణునకు కొద్దిసేపటి పని.

పల్నాటి వాతావరణమును గూర్చి చెప్పక ఈ ప్రసంగము ముగియదు. ఆయిలుకు శత్రువు వేడి. ఆయిలు వేడి సాధారణ స్థాయికి పైన సుమారు 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయువు సగమగునని ఇంజనీర్లు వాడు మోటు లెక్క యొకటి కలదు. వేసవిలో మిక్కిలి వేడి గల ఊళ్ళను చెప్పునపుడు మన రెంటచింతల పేరు తరచుగా వినబడును. ఆయిలును చల్లబరచు గొట్టములు చాల కార్లలో రేడియేటరులోనే ఉండును. కావున రేడియేటరు రెక్కలలో పత్తి నూగు, దుమ్ము చేరకుండ చూచుకొనుట గేరుపెట్టెకే మేలు. ఆయిలు మార్పు గడువును పుస్తకము చెప్పును. వేడియు దుమ్మును గల చోట్ల గడువునకు ముందే మార్చుట మంచిది. క్రింది బోల్టు విప్పినచో ఆయిలంతయు రాదు. కొంత కన్వర్టరులో నిలిచియే యుండును. ఏండ్ల తరబడి మార్చని పాత కారులో యంత్రముతో ఒక్కసారి అంతయు కడిగించుటకంటె, కొంత దింపి కొంత పోయుచు రెండు మూడు విడతలుగా మార్చుట నెమ్మదైన పద్ధతి.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ళ ఆరంభమై ఐదు దినములు జరుగును. నాగులేటి ఒడ్డున, వీరుల గుడి దారులలో జనము ఇసుక వేసిన రాలదు. అట్టి రద్దీలో ఆటోమేటిక్ కారు అంగుళమంగుళముగా ప్రాకవలసి వచ్చును. చాలసేపు నిలువవలసినపుడు 'ఎన్'లో పెట్టి చేతిబ్రేకు లాగుడు. ఎగుడు రోడ్డుపై బ్రేకు తొక్కక, ఆక్సిలరేటరు కొంచెము నొక్కి కారును నిలబెట్టు అలవాటు కొందరికి కలదు. ఆ బలమంతయు కన్వర్టరులో వేడిగా మారును. దోర్నాల నుండి శ్రీశైలము ఘాటు ఎక్కి దిగునపుడు, దిగుటలో '2'గాని 'ఎల్'గాని వాడుడు. బ్రేకులకు విశ్రాంతి లభించును. పెట్రోలు ఆదాకై 'ఎన్'లో పెట్టి జారుట, ఇంజను ఆపి జారుట రెండును కీడే.

కారు దారిలో నిలిచిపోయినచో మనవారు ట్రాక్టరుకు త్రాడు కట్టి లాగుకొని వచ్చుట పరిపాటి. సహాయము చేయు మంచి మనసే, కాని ఆటోమేటిక్ కారుకు ఇది ప్రాణాంతకము. ఆయిలు పంపును త్రిప్పునది ఇంజను. ఇంజను ఆగినపుడు చక్రములు తిరిగినచో, లోపలి భాగములు ఆయిలు లేక రాపిడి తినును. పిడుగురాళ్ళ చేరునప్పటికి, బాగుగా నున్న పెట్టెయు చెడిపోవచ్చును. కారును నడిపించు చక్రములను నేలనుండి ఎత్తి లాగవలెను, లేదా బండిపై ఎక్కించి తీసికొనిపోవలెను. త్రోసి స్టార్టు చేయుటయు ఈ కార్లలో సాగదు. బ్యాటరీ దిగినచో మరియొక బ్యాటరీ నుండి తీగలు తగిలింపవలెను.

పాత ఆటోమేటిక్ కారు కొనదలచినవారికి నాలుగు మాటలు. ఇంజను చల్లగా నున్నపుడు పోయి చూడుడు. మీరు రాకముందే వేడిచేసి యుంచిన కారును నమ్మవలదు. ఆయిలు రంగును వాసనను చూడుడు. బ్రేకు తొక్కి 'ఆర్'లోను 'డి'లోను పెట్టి ఎంతలో, ఎంత మెత్తగా పట్టునో గమనింపుడు. మెల్లగా వేగము పెంచి గేర్లన్నియు పడుచున్నవా, ఒక్కసారి గట్టిగా నొక్కినచో క్రింది గేరు పడుచున్నదా చూడుడు. ఎగుడున వెనుకకు నడిపి చూడుడు. ఆయిలు మార్చిన రశీదులు అడుగుడు. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియుననియు, ఆ పిమ్మట కారు యోగ్యతా పరీక్షలో నిలిచినగాని ఐదేసి సంవత్సరములకు పొడిగింపు దొరకదనియు లెక్కలో ఉంచుకొనుడు.

ఇన్ని పరీక్షలును చేసి, ఆయిలు సరిగానుండి, కేబులు సరిగానుండి, కరెంటు సరిగానుండియు గేరు పడకున్నచో, అప్పుడు పెట్టె విప్పవలసినదే. ఆ పని ఆటోమేటిక్ పెట్టెలు తెలిసినవాని చేతనే జరుగవలెను. విప్పకముందు ఖర్చు అంచనా కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ మొత్తమును కారు వెలతో పోల్చి చూడుడు. ఒక్కొక్కప్పుడు బాగుచేయించుటకంటె, లోపమును దాచక చెప్పి అమ్మివేయుటయే గౌరవప్రదమైన మార్గము. జారు గేరు గల కారును మంచిదని చెప్పి పొరుగూరివానికి అంటగట్టుట వానిని నడిరోడ్డున దింపుటయే యగును.

మెకానికు వద్దకు పోవునపుడు గేరు చెడినదని మాత్రము చెప్పవలదు. చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిమ్మటనా. ఏ గేరు నుండి ఏ గేరునకు. జారుచున్నదా, కుదుపుచున్నదా, కదలనే కదలదా. ఆయిలు రంగేమి, బ్రేకు దీపములు వెలుగుచున్నవా అని వరుసగా చెప్పుడు. వైద్యునికి రోగి చెప్పు నాలుగు మాటలు ఎంత ఉపకరించునో, మెకానికునకు ఇవి అంత ఉపకరించును. మీరు కారును చూచి వచ్చినారని వానికి తెలియును. చూడక విప్పుటకు వాడును వెనుకాడును.

ఆయిలు, కేబులు, కరెంటు, ఆ పిమ్మట పెట్టె. ఈ నాలుగు మాటలు జ్ఞాపకమున్న చాలును. సెలవు.